మాలు పెట్టని మెట్టు

రండర్రా, ఇటు నీడలోకి రండి. ఇసుక జల్లించేవాళ్ళు జల్లెడ కింద పెట్టండి. కలిపిన సిమెంటు మాలు ఆరిపోతుందని ఎవరూ బెంగపెట్టుకోకండి, కాంట్రాక్టరు భోజనానికి వెళ్తే కునుకు తియ్యకుండా రాడు. రాడ్లు వంచే తమ్ముడూ, ఆ నోరు కూడా కాస్త వంచి మూసుకో. ఆ మూల గుసగుసలు ఆపితే మొదలుపెడతా. డబ్బాలు తెరుచుకోండి, నవలడానికి అడ్డేం లేదు, మాట్లాడ్డానికే ఉంది.

నేను విమానమెక్కి పరాయి దేశం పోయి ఇల్లు కట్టొచ్చిన కథ ఇది. ఇందులో అబద్ధం ఉంటే, ఇదిగో, ఈ పొద్దున నేను లేపిన గోడ మట్టం తప్పాలి. ఏం తమ్ముడూ, అప్పుడే గోడ వైపు చూస్తున్నావు? ఇంకా మొదలే పెట్టలేదు.

నా సంగతి మీకు తెలిసిందే. పదహారో ఏట తట్ట మొయ్యడానికి పనిలోకొచ్చాను. రెండేళ్ళు మోశాక ఒకరోజు మేస్త్రి బీడీకి వెళ్ళినప్పుడు తాపీ తీసుకుని నాలుగిటుకలు పెట్టాను. ఆయనొచ్చి చూసి, "ఇవెవడు పెట్టాడు?" అన్నాడు. "ఎవడూ కాదు, నేను" అన్నాను. తిడతాడేమో అనుకుంటే, ఇంకో బీడీ ముట్టించుకుని కూర్చుని, "అయితే ఆ వరసంతా కానీ" అన్నాడు. అలా అయ్యాను మేస్త్రిని. చదువంటారా, బడి గోడలు మూడు చోట్ల కట్టాను గానీ ఏ గోడ లోపలా ఒక్కరోజు కూర్చోలేదు. టేపు మీద అంకెలు నాకు చీమల బారు. అందుకే ఏ కొలతైనా పురికొస మీద ముడి వేసుకుంటాను. ముడి అబద్ధం చెప్పదు, ముడికి అంత తెలివి లేదు.

మా ఆయన టైలరు. గది ముందు వరండాలోనే మిషను. మనిషి పొడుగు. ఎంత పొడుగంటే, వాన పడేటప్పుడు మా వీధికంతటికీ ముందు ఆయనే తడుస్తాడు. ఆయన తల తుడుచుకోవడం చూసి మిగతావాళ్ళు బట్టలు తీసుకుంటారు. వీధి దీపం మాడిపోతే కరెంటాయన నిచ్చెన తేవడం మానేసి మా తలుపు కొడతాడు. గోడ చూడక్కర్లేదు తమ్ముడూ, నిలబడే ఉంది.

మా ఇంట్లో వంట ఆయనదే. నేను తెల్లారగానే పనికి పోతాను, ఆయన ఇంటి దగ్గరే ఉంటాడు కాబట్టి అలా కుదిరింది. పెళ్ళైన కొత్తలో ఒకసారి నేనూ వండాను. నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. తర్వాత, "బాగా గట్టిపడింది మేస్త్రీ. రేపు పొద్దున నీళ్ళు కొడదాం, మూడు రోజులకి తినొచ్చు" అన్నాడు. ఆ రోజు నుంచి నేను స్టవ్ జోలికి పోలేదు, ఆయన తాపీ జోలికి రాలేదు. సంసారం సాఫీగా ఉంది.

ఒక్కటే బాధ. మా అద్దె గదిలో వంట గట్టు కుర్చీ ఎత్తున ఉంటుంది. ఇంటాయన వాళ్ళమ్మ పీట మీద కూర్చుని వండేదట, ఆవిడ కోసం అలా కట్టించాడు. ఆ తల్లి పోయి ఎన్నాళ్ళయిందో గానీ గట్టు మాత్రం అలాగే ఉంది. దాని ముందు మా ఆయన ఇరవై ఏళ్ళుగా వంగి వండుతున్నాడు. నిలబడితే మనిషి, వండితే కొడవలి. గట్టు ఎత్తు చేస్తానని ఎన్నిసార్లు అడిగానో. ఇంటాయనది ఒకటే మాట: "నా ఇంట్లో తాపీ ఆడకూడదు. ఒక్క ఇటుక అంటించావో, ఆ పూటే ఖాళీ."

ఊళ్ళోవాళ్ళకి ఎన్ని వంటిళ్ళు కట్టానో లెక్కలేదు. ఇంటిల్లాలిని నిలబెట్టి, మోచెయ్యి చూసి, గట్టు కడతాను. ఇంట్లో మనిషికి మాత్రం కట్టలేకపోయాను. ఒకరోజు ఆయనే ఎర్ర పురికొస తీసుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేల నుంచి మోచేతి కింద దాకా ఒక ముడి, కళ్ళ దగ్గర ఇంకో ముడి వేసి, నా చేతిలో పెట్టాడు. "ఎప్పటికైనా కడతావుగా మేస్త్రీ. కొలత దగ్గరుంచుకో." అప్పట్నుంచి నడుముకి చుట్టుకునే తిరుగుతున్నా. ఇదిగో, ఇదే. చూడండి గానీ ముట్టుకోకండి, ఆ చేతులకి పచ్చడి ఉంది.

ఇంక దేశం సంగతి. ఒక పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రికి గోడ కడుతున్నప్పుడు ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు అడిగాడు. "మేస్త్రమ్మా, మేం పదిమందిమి ఏటా కలిసి పరాయి దేశం వెళ్తాం. టార్పాలిన్ల కింద బతికేవాళ్ళకి మా చేతుల్తో ఇళ్ళు కట్టొస్తాం. కూలి ఉండదు. మాలో పని తెలిసినవాళ్ళూ లేరు. కిందటేడు కట్టిన గోడకి మేమే భయపడి దూరంగా నిలబడి ఫోటో దిగాం. టికెట్టు మాది. ఆరు వారాలు వస్తారా?"

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించాడు. తర్వాత, "వెళ్ళు. ఇల్లు లేనివాళ్ళకి ఇల్లు కట్టడమంటే మాటలా. నీ చేతికి ఆ పని రాసిపెట్టుంది" అన్నాడు. "మరి నువ్వు?" అన్నాను. "నాకేం, సగం వంట తప్పుతుంది" అన్నాడు. అని, అదే దారం మళ్ళీ బయటికి లాగేసి మళ్ళీ ఎక్కించడం మొదలుపెట్టాడు. నేను చూడనట్టే లోపలికెళ్ళాను.

విమానంలో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. కిందికి చూస్తే మబ్బులు. చూడగానే తెలిసిపోయింది, పూత సరిగ్గా రుద్దలేదని. ఎక్కడికక్కడ గడ్డలు. నా తాపీ సామాను సంచిలో వేసేశారు గానీ, చేతిలో ఉంటే కిటికీ దించి నాలుగు రుద్దులు రుద్ది నున్నగా చేసేదాన్ని. పళ్ళ డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని, "మేస్త్రమ్మా, ఆ కిటికీ తెరుచుకోదు" అన్నారు. అప్పటికి సగం విమానం నావైపే చూస్తోంది.

దిగాం. ఒక పెద్ద వర్కుషాపు వెనకాల వీధి. రెండు వైపులా టార్పాలిన్లు, రేకులు, అట్టముక్కలు. గాలి వీస్తే ఇల్లు పట్టుకోవడానికి ఇంట్లోవాళ్ళంతా తలో మూలా నిలబడాలి. ఎవరైనా ఊళ్ళో లేకపోతే ఆ మూలకి పక్కింటివాళ్ళని పిలుస్తారు. మేం కట్టే ఇల్లు ఒకావిడది. ఆవిడ పేరు నాకు నోరు తిరగలేదు. పొట్టి మనిషి, నా భుజం దాకా వస్తుంది, ఒక్కచోట నిలబడదు. నేను బొంగరం అని పెట్టుకున్నాను. బొంగరం, వాళ్ళమ్మ, ఇద్దరే. వర్కుషాపులో పనివాళ్ళు నలభైమందికి రోజూ వండి పంపి బతుకుతుంది. రెండు పొయ్యిలు, నేల మీద, రేకు కింద. వానొస్తే పొయ్యి మీద గొడుగు, తన మీద ఏమీ లేదు.

అక్కడ వాళ్ళ పద్ధతొకటుంది. ఇల్లు ఎవరిదో వాళ్ళు ముందు ఇంకొకరి ఇంటికి పనిచెయ్యాలి. బొంగరం పొద్దున వంట ముగించి, మధ్యాహ్నం వీధి చివర వేరేవాళ్ళ గోడకి ఇటుకలు అందించేది. వాళ్ళొచ్చి ఈవిడ ఇంటికి అందించేవారు. తన ఇల్లు తను కట్టుకుంటే తన ఇల్లే కనబడుతుందని, వీధి కనబడాలని అలా పెట్టారట. ఇది నాకు చెప్పింది మా వ్యాను డ్రైవరు. ఎక్కడో మనవాళ్ళ దగ్గర ఏడేళ్ళు లారీ తోలి మన మాట నేర్చుకున్నాడు. నన్ను అక్కా అనేవాడు. మాటల్లో మహా పొదుపరి. బొంగరం పావుగంట చేతులూపుతూ మాట్లాడితే, "సరేనంటోంది అక్కా" అనేవాడు.

మావాళ్ళ పని చూడాలి మీరు. పళ్ళ డాక్టరుగారు ఇటుక తీసుకుంటే ముందు నాలుగు వైపులా తిప్పి, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇది కదులుతోంది" అని పక్కన పెట్టేవారు. ఒక ఇటుకని నోరు తెరవమని కూడా అన్నారు. నేను విన్నాను. అయినా మనిషి మంచోడు, చేతులు బొబ్బలెక్కినా తట్ట దించలేదు.

మూడో వారంలో వాన పట్టుకుంది. ఎలాంటి వాన అంటే, చినుక్కీ చినుక్కీ మధ్య సందులేదు. ఒకరోజు విసుగొచ్చి గొడుగు పైకి విసిరితే వానలో ఇరుక్కుని కిందపడలేదు. సాయంత్రం వాన తగ్గాక పడింది. నవ్వకండి, గోడ అడగండి. అలా మూడు వారాలు పని లేక, ఆరు వారాలన్నది తొమ్మిదైంది.

అప్పుడు పట్టుకుంది నాకు బెంగ. మాకు ఒక హాల్లో పరుపులు వేశారు. చుట్టూ మనుషులే. అయినా పొద్దున లేవగానే చెవి ఏదో వెతుక్కునేది. రెండు రోజులు తెలీలేదు. తర్వాత తెలిసింది, అది మా ఆయన మిషను చప్పుడు. ఇరవై ఏళ్ళు ఆ టకటక మీదే నిద్రలేచాను. వాన వెలిసి మాలు కలిపే యంత్రం మళ్ళీ తిప్పాక, దూరం నుంచి వింటే కాస్త అలాగే ఉండేది. పనయ్యాక కూడా దాని పక్కన కూర్చునేదాన్ని. డ్రైవరు వచ్చి, "ఖాళీగా తిరుగుతోంది అక్కా, ఆపనా?" అంటే, "కడగాలి, ఇంకాసేపు తిరగనీ" అనేదాన్ని. ఆపితే ప్రాణం ఉసూరుమనేది.

రోజూ పొద్దున డాక్టరుగారి ఫోన్లో మా ఆయన పలికేవాడు. "ఎన్ని వరసలు లేచింది మేస్త్రీ?" అనేవాడు. "ఏం వండావు టైలరుగారూ?" అనేదాన్ని. ఆయన వండింది చెప్తే నేను అక్కడ నమిలేదాన్ని. ఎనిమిదో వారంలో ఒకరోజు ఏం వండావంటే చెప్పలేదు. "మిషను పని ఎక్కువుంది" అన్నాడు. నేను ఊరుకోలేదు. గుచ్చి గుచ్చి అడిగితే, "నడుం పట్టేసింది. వంగితే లేవలేకపోతున్నా. నాలుగు రోజులైంది స్టవ్ ముట్టించి. కంగారుపడకు, పక్క ఇస్త్రీ ఆయన రొట్టె తెచ్చిపెడుతున్నాడు" అన్నాడు. "నవ్వుతూ చెప్తావేం?" అన్నాను. "ఏడుస్తూ చెప్తే నీకు అక్కడ ఇటుక వంకర పోతుంది" అన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేదానికి గోడ మీద ఒట్టు అక్కర్లేదు.

ఆ రోజు పని, బొంగరం ఇంట్లో వంట గట్టు. గోడలయ్యాయి, కప్పు అయింది, అదొక్కటే మిగిలింది. గట్టెత్తు కాగితం మీద ఎంత రాసుందో డాక్టరుగారు కొలిచి ఇస్తే, తెల్ల పురికొస మీద ముడి వేసుకున్నాను. దాన్ని గోడకి పట్టి పెన్సిలుతో గీత గీశాను. గీసి నిలబడ్డాను. చెయ్యి నడుం దగ్గరికి పోయింది. ఒక్కసారి పట్టి చూద్దాం, ఆయనకైతే ఎక్కడికొస్తుందో అనుకున్నాను. అంతే, చూడ్డానికే. ఎర్ర పురికొస పట్టి, మొదటి ముడి దగ్గర రెండో గీత గీశాను. కింద ఒకటి, పైన ఒకటి. ఆ రెంటి మధ్య ఎత్తులో నాకు మా ఆయన ఇరవై ఏళ్ళ నడుంనొప్పే కనబడింది.

కింది గీత మీద మాలు పడి కప్పుకుపోయిందనీ, పైదే అసలు గీత అనుకున్నాననీ తర్వాత డాక్టరుగారితో చెప్పాను. ఆ మాలు దానంతటది పడలేదు. నేనే వేశాను.

ఆ గట్టు కట్టినట్టు నేను జన్మలో ఏదీ కట్టలేదు. ఇటుక ఇటుకా తడిపి, అతుకు అతుకూ వేలితో నొక్కి, పైన రాతిపలక వేసి, అంచు చేతికి గీసుకోకుండా గుండ్రం తిప్పాను. డాక్టరుగారు వచ్చి రసమట్టం పెట్టి, బుడగ సరిగ్గా మధ్యలో ఉందని మెచ్చుకుని వెళ్ళారు. వంకర ఉందేమో చూశారు గానీ ఎత్తు చూడలేదు. బొంగరం ఆ వారమంతా వీధి చివర ఇంకొకరి కప్పు మీద ఉంది.

మూడు రోజులు దానికి నీళ్ళు కొట్టాను. ప్రతి సాయంత్రం పని దిగాక వెళ్ళి దాని ముందు నిలబడేదాన్ని. గట్టు పైన చిన్న కిటికీ. ఆయన ఇక్కడ నిలబడితే ఏం కనబడుతుందా అని, నాలుగిటుకలు పేర్చి పైకెక్కి, ఎర్ర పురికొస రెండో ముడి దగ్గర నా కళ్ళు పెట్టి చూశాను. వర్కుషాపు రేకులు, తీగ మీద రెండు చొక్కాలు, మలుపు, ఆ మలుపు నుంచి మనుషులు పనుల నుంచి ఇంటికి రావడం. ఎవరెవరో వస్తున్నారు. నేను ఆయన కళ్ళతో చూస్తున్నాను కదా, ఆ వచ్చేవాళ్ళలో నన్ను వెతుక్కున్నాను. పిచ్చి కాకపోతే ఏంటి. నేను ఇక్కడే ఉంటే అక్కడ ఎలా కనబడతాను.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు బొంగరం చేతికి ఇల్లు ఇచ్చారు. వాళ్ళమ్మ గుమ్మం దగ్గరే కూర్చుండిపోయి గోడ తడుముతోంది. బొంగరం పెద్ద గిన్నె ఎత్తుకుని నేరుగా వంటింట్లోకొచ్చింది. వచ్చి ఆగింది. తొమ్మిది వారాల్లో ఆవిడ ఒక్కచోట ఆగడం అదే మొదటిసారి. గట్టు ఆవిడ గుండెల దాకా ఉంది. గిన్నె రెండు చేతుల్తో తల మీదికి లేపి పైన పెట్టింది. పెట్టాక లోపల ఏముందో ఆవిడకి కనబడదు. ఏదో అడిగింది.

డ్రైవరు నెమ్మదిగా అన్నాడు. "ఇది అటకా, గట్టా అని అడుగుతోంది అక్కా."

నాకు తల కొట్టేసినట్టైంది. నలభైమందికి వండే మనిషి. రోజూ ఆ ఎత్తున గరిటె తిప్పితే నెలకి భుజాలు పడిపోతాయి. మా ఆయన వంగి పోగొట్టుకున్నది, ఈవిడ చేతులెత్తి పోగొట్టుకుంటుంది. డాక్టరుగారు గట్టు చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించి, "కొట్టేసి మళ్ళీ కట్టాలి మేస్త్రమ్మా. మీకు చేతకాకపోతే మేం కొడతాం" అన్నారు.

"నేను కట్టింది నేనే కొడతాను" అన్నాను.

సుత్తీ ఉలీ తీసుకున్నాను. అంచు దగ్గర పెట్టాను. ఒక్క దెబ్బ వేశాను. గోరంత పెచ్చు ఊడింది. రెండో దెబ్బకి చెయ్యి లేవలేదు. డాక్టరుగారు గునపం తీసుకుని ఒక్కటి వేశారు. గునపం వంగి ప్రశ్న గుర్తులా అయింది, ఆయన వెనక్కి ఎగిరి వీధి అవతల ఇసక మీద పడి, అక్కణ్ణుంచి, "గట్టు గట్టిగానే ఉంది" అన్నారు. సరే, ఇసక దాకా పోలేదు. గుమ్మం దాకా పోయారు.

బొంగరం నా చేతిలో సుత్తి చూడట్లేదు, నడుం దగ్గర వేలాడే ఎర్ర పురికొస చూస్తోంది. ముడి పట్టుకుని గట్టు పక్కన పెట్టింది. పలకకి సరిగ్గా ఆనింది. ఎవరిదని కళ్ళతోనే అడిగింది.

చెప్పాను. మా ఆయనదని, ఇరవై ఏళ్ళని, కుర్చీ ఎత్తు గట్టని, కింది గీత మీద మాలు నేనే వేశానని. డాక్టరుగారు వింటున్నారని తెలుసు, అయినా చెప్పాను. మా డ్రైవరు ఆ రోజు పొదుపు మానేశాడు. నేను చెప్పినదానికంటే ఎక్కువసేపే చెప్పాడు. మధ్యలో తన నడుం మీద చెయ్యి పెట్టుకుని వంగి కూడా చూపించాడు.

బొంగరం పురికొసని నేల నుంచి పైకి చాపి రెండో ముడి చూసింది. తల వెనక్కి వాల్చి చూడాల్సొచ్చింది. ఏదో అంది. "కళ్ళే అక్కడుంటే, మరి మీ ఆయన తల ఏ ఊళ్ళో ఉంటుందంటోంది" అన్నాడు డ్రైవరు. నవ్వాను.

ఆవిడ బయటికెళ్ళింది. మిగిలిన ఇటుకలు నాలుగు తెచ్చి గట్టు ముందు నేల మీద పెట్టింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ నాలుగు. గట్టు పొడుగునా రెండు వరసలు పేర్చి, టార్పాలిన్ గుడిసెకి ఉన్న పాత తలుపు చెక్క దాని మీద పడేసి ఎక్కింది. మోచెయ్యి ఎక్కడ ఉండాలో అక్కడికొచ్చింది. గిన్నెలోకి తొంగిచూసింది. కిటికీలోంచి మలుపు చూసింది. అక్కడే నిలబడి ఉత్త గిన్నెలో గరిటె తిప్పింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆగు, రెండు తట్టల మాలు కలుపుతా, మెట్టు కదలకుండా కట్టేస్తా" అని పరిగెత్తబోయాను. బొంగరం చెక్క మీది నుంచే నా భుజం పట్టుకుంది. వద్దంది. ఎందుకంటే చాలా మాట్లాడింది. డ్రైవరు మళ్ళీ పొదుపులో పడ్డాడు.

"మాలు పెట్టొద్దంటోంది అక్కా. మీ ఆయన వచ్చిన రోజు తీసెయ్యాలి కదా అంటోంది."

మా ఆయన ఆ దేశం ఎప్పుడొస్తాడు, ఎలా వస్తాడు. ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ మెట్టుకి మాలు పెట్టలేదు. ఊడబెరికితే ఊడొచ్చేలాగే ఉంచింది. వచ్చేముందు ఆవిడని గట్టు పక్కన నేల మీద నిలబెట్టి మోచెయ్యి కొలిచాను. ఆవిడ పైటంచు నుంచి ఒక నీలం పోగు లాగి ఇస్తే, ఎర్ర పురికొస మీద ఆ ఎత్తున కట్టాను. ఇదిగో, ఈ నీలం ముడి.

విమానం దిగి, ఊరు చేరి, సంచి భుజాన వేసుకుని గదిలోకి వెళ్ళేసరికి సాయంత్రం. నాకోసం వండాలని మా ఆయన ఆ నడుంతోనే వంగి ఉన్నాడు. గుమ్మంలో నా నీడ చూసి లేవబోయి సగంలో ఆగిపోయాడు. "ఉండు మేస్త్రీ, లేస్తున్నా. కాస్త టైము పడుతుంది" అన్నాడు.

తొమ్మిది వారాలు ఈ మొహం చూడాలని ఏడ్చానా, చూసి ఒక్క క్షణం కూడా నిలబడలేదు. సంచి అక్కడే పడేసి, స్టవ్ ఆపి, బయటికి పరిగెత్తాను. నాకు అప్పుడు వెలిగింది. ఇంటాయన ఇరవై ఏళ్ళుగా అంటున్నది, ఇటుక అంటించొద్దని. పెట్టొద్దని ఏనాడూ అనలేదు. నేను మేస్త్రిని కదా, ఇటుక అంటే మాలుతోనే అనుకున్నాను. మాలు లేకుండా ఇటుక మీద ఇటుక పెట్టొచ్చని, వంట చేసుకునే ఆవిడ చూపిస్తే గానీ నా బుర్రకెక్కలేదు.

వీధి చివర పని జరుగుతున్న చోట అడిగి నాలుగు తట్టల ఇటుకలు, ఒక రాతిపలక మోసుకొచ్చాను. పాత గట్టు మీద, ఒకదాని అతుకు మీదికి ఇంకోటి వచ్చేలా ఆరు వరసలు పేర్చాను. పైన రాతిపలక. పలక మీద స్టవ్. ఎర్ర పురికొస పట్టాను. పలక సరిగ్గా ముడి దగ్గర ఆనింది. తాపీ చిటికెన వేలంత కూడా తడవలేదు.

చప్పుడు విని ఇంటాయన వచ్చాడు. ఇటుకల మధ్య చాకు దూర్చి చూశాడు. "మాలేది?"

"లేదు బాబాయ్."

"మరెలా నిలబడింది?"

"దాని బరువుకి అదే."

ఒక ఇటుక లాగి, మళ్ళీ పెట్టాడు. కాసేపు చూశాడు. "అంటించలేదు కాబట్టి అనడానికేం లేదు" అని, అనడానికి ఇంకేమైనా దొరుకుతుందేమో అని ఇంకాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు.

మా ఆయన నడుం పట్టుకుని వచ్చి స్టవ్ ముందు నిలబడ్డాడు. తిన్నగా నిలబడ్డాడు. స్టవ్ వెలిగించి గరిటె తీసుకున్నాడు. తల ఎత్తాడు. ఎత్తి, అలాగే ఉండిపోయాడు. ఆ గట్టు పైన కూడా ఒక కిటికీ ఉంది, ఎప్పుడూ ఉన్నదే. వంగి వండే మనిషికి ఎప్పుడు కనబడింది?

"మేస్త్రీ, నువ్వు పని నుంచి వచ్చే సందు ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది."

"కనిపిస్తే?"

"ఏం లేదు. ఇరవై ఏళ్ళు చూడలేదు."

నేను ఇటుక పొడి దులుపుకునే వంకన మొహం తిప్పుకున్నాను. ఆయన గట్టు మీద పడున్న పురికొస తీసుకుని వేళ్ళతో తడుముతూ నీలం ముడి దగ్గర ఆగాడు. "ఇదెవరు?" అన్నాడు.

"నీ వంటింట్లో వండుకుంటున్న మనిషి" అని మొత్తం చెప్పాను. విని చాలాసేపు గరిటె తిప్పాడు. ఇప్పటికీ ఒక్కోరోజు వండుతూ వండుతూ, "ఈపాటికి అక్కడ ఏం పొంగుతుంటుంది మేస్త్రీ, నా పొయ్యి మీద?" అంటాడు. "నలభైమంది ఎసరు" అంటాను. "మెట్టు అలాగే ఉంచిందంటావా?" అంటాడు. "మాలు పెట్టలేదు, ఎప్పుడంటే అప్పుడు తీసేస్తుంది" అంటాను. ఇద్దరం కిటికీలోంచి చూస్తాం. అక్కడ కనబడేది మా సందే గానీ, కాసేపు ఆ వర్కుషాపు మలుపే అనిపిస్తుంది.

ఆ రోజు సాయంత్రం మాత్రం మా మాటల మధ్యలోకి పక్క ఇస్త్రీ ఆయన రొట్టె పట్టుకుని వచ్చాడు, అలవాటుగా. ఆయన పొట్టి మనిషి, బల్ల ముందు పీట వేసుకుని, దాని మీదెక్కి ఇస్త్రీ చేస్తాడు. గుమ్మంలో ఆగి, స్టవ్ ముందు తిన్నగా నిలబడ్డ మా ఆయన్ని కింద నుంచి పైదాకా, పైనుంచి కిందదాకా చూశాడు. ఇరవై ఏళ్ళలో ఆ వంటింట్లో ఆయన్ని నిటారుగా చూడ్డం అదే మొదలు. రొట్టె నా చేతిలో పెట్టి, పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏవమ్మా, పెళ్ళాం పరాయి దేశం వెళ్ళొస్తే మొగుడు ఇంత పొడుగెదుగుతాడా? ఆ పళ్ళ డాక్టరుతో చెప్పి వచ్చేసారి మా ఆవిణ్ణి కూడా పంపించు. తొమ్మిది వారాలు అక్కర్లేదు, నాకు నాలుగంగుళాలు చాలు, మూడు వారాల్లో తెచ్చెయ్యమను."